రాత్రి పాళీ మనిషికి పగటి నిద్ర కావాలి

(షోలాపూర్ సభ్యుల సభలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్లు, బోనసు, పి.ఎఫ్. గురించి ప్రతి సభలో మాట్లాడుకుంటాం. ఈరోజు ఇంటి పైకప్పు గురించి మాట్లాడాలి. రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి రేకుల కింద పడుకుంటాడు. పది గంటలకే రేకు పెనంలా కాలుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే మీద పడుతుంది. నిద్రలేని కళ్లతో మళ్లీ సాంచాల ముందు నిలబడితే వేళ్లు దక్కుతాయా? ఆడవాళ్లు రోజంతా ఆ రేకుల కిందే బీడీలు చుడుతున్నారు. కరెంటు మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మన సభ్యులు కొందరు కలిసి ఇళ్లు కట్టుకోబోతున్నారు. కంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేటు మేము చూశాం. తొమ్మిదంగుళాల నిండు గోడ, లోపలా బయటా గిలాబు, పైన మామూలు స్లాబు. అప్పు తెచ్చిన డబ్బు ఇందులో ఎక్కడ వృథా అవుతుందో చూడండి.

లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడ్డారు, 2007లో చనిపోయారు. తక్కువ ఖర్చు ఇళ్లకు ఆయన పెట్టింది పేరు. ఆయన గోడల్లో ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టేవారు. ఇటుకల నడుమ ఖాళీ మిగులుతుంది. ఎలుకబోనులా ఉంటుందని దాన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. గోడ మందం అదే తొమ్మిదంగుళాలు, ఇటుకలు మాత్రం సుమారు నాలుగో వంతు తగ్గుతాయి. మాలు కూడా తగ్గుతుంది. నడుమ ఉన్న గాలి ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. ఒక్కో ఇటుక వెనుక బట్టీలో కాలిన బొగ్గుంది, ఆ ఖర్చూ మన నెత్తినే.

స్లాబు సంగతీ అంతే. అడుగున లాగుడును తట్టుకునేది ఇనుప ఊచలే, అక్కడి కాంక్రీటుకు పెద్ద పని లేదు. అందుకని ఊచల మధ్య మంగుళూరు పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోస్తారు. అయితే ఇది ఇంజనీరు లెక్క కట్టాల్సిన పని, ఊహతో చేసేది కాదు.

పాత మిల్లుల కప్పు గుర్తుందా? రంపం పళ్లలా ఉండి, అద్దాలు ఉత్తరం వైపు ఉండేవి. ఎండ పడకుండా వెలుతురు వచ్చేది. తెగిన పోగు కనిపించాలని యజమాని అంత ఆలోచించాడు. అదే యజమాని చాళ్లు కట్టినప్పుడు ఆ ఆలోచన ఏమైందో!

ఇప్పుడు రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు ఎండాకాలానికి ముందే కప్పు మీద తెల్ల సున్నం కొట్టించండి. మన సొంతూళ్లున్న తెలంగాణలో 2023లో ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది. కానీ 600 గజాల లోపు ఇళ్లకు అది ఇష్టమైతేనే. మన ఇళ్లన్నీ ఆ లోపువే కదా!

ఈ కట్టుడు మాకు రాదని మేస్త్రీలు అనవచ్చు. ఒక గోడ కట్టించి చూద్దాం. మొదటి వరుస, కిటికీ కింది వరుస నిండుగా కట్టాలి, వైర్ల పైపులు ఎక్కడ పోవాలో ముందే తేల్చుకోవాలి. వచ్చే ఆదివారం సంఘం ఆఫీసులో ఎస్టిమేటు చదివి వినిపిస్తాం. సభ్యులందరూ రండి. అప్పటిదాకా ఎవరూ సంతకం పెట్టవద్దు.