జన్యు పరీక్షలు - మన కుటుంబాల బాధ్యత
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము డాక్టర్లము కాము. సింగపూరులో మూడవ తరము వారము; జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినవారము. తెలుగు మాత్రము సాయంకాలపు తరగతులలో కూర్చొని నేర్చుకొన్నాము. కనుక మా మాటలు పాఠము చెప్పినట్లే ఉంటాయి.

ఒకే మందు ఒకరికి మేలు, మరొకరికి కీడు చేయటం మనమందరము చూసినదే. తల్లిదండ్రుల నుండి వచ్చిన జన్యువులు దానికి ఒక కారణము. ఉదాహరణకు, మూర్ఛకు ఇచ్చే కార్బమాజెపైన్ మాత్ర కొందరికి ప్రాణము మీదికి తెస్తుంది. ఒళ్ళంతా చర్మము ఊడిపోతుంది. ఆ ప్రమాదము తెచ్చే జన్యు లక్షణము చైనీయులలోను, మలయులలోను ఎక్కువ. మన భారతీయులలో తక్కువ. అందుచేత 2013 నుండి ఇక్కడ ఆ మందు కొత్తగా మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయటం ఆచారమైంది. మనిషినిబట్టి మందు అనే ఈ పద్ధతినే ప్రెసిషన్ మెడిసిన్ అంటున్నారు.

ఇందుకు ముందుగా దేశప్రజల జన్యువులను చదవాలి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో 4,810 మంది సింగపూరు వాసుల జన్యువులను చదివారు. వారిలో 2,780 మంది చైనీయులు, 903 మంది మలయులు, 1,127 మంది భారతీయులు. తరువాతి దశలో లక్ష మందిని చదివే పని చేపట్టారు. మనవారు ఇందులో పాల్గొనటం ఎందుకు అవసరమో చెప్పటానికి హైదరాబాదు సంగతి ఒకటి ఉన్నది. గుండె కండరమునకు సంబంధించిన ఒక జన్యువులో చిన్న ముక్క లోపించి ఉండటం దక్షిణాసియా ప్రజలలో నూటికి సుమారు 4గురిలో కనబడుతుందని, గుండెజబ్బుకు దానితో సంబంధమున్నదని 2009లో ప్రకటించారు. ఆ పరిశోధనలో హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ముఖ్యపాత్ర వహించారు. మనవారి రక్తము చూడకపోతే ఈ సంగతి తెలిసేదా?

ఇక ఇంటి మాటకు వద్దాము. 2025 మధ్యలో ప్రభుత్వము వంశపారంపర్యముగా వచ్చే అధిక కొలెస్టరాల్‌కు జన్యు పరీక్షలు ప్రారంభించింది. ఈ లోపము సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఇది ఉన్నవారికి చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. మనిషి బక్కపలచగా ఉండవచ్చు, నూనె ముట్టనివాడు కావచ్చు. ఐనా లోపము లోపమే. చెడు కొలెస్టరాల్ లీటరుకు 5.5 మిల్లీమోల్స్‌కు చేరినవారిని డాక్టరు ఈ పరీక్షకు పంపవచ్చు. తల్లికో తండ్రికో ఉంటే, ప్రతి బిడ్డకూ సగము పాళ్ళు వచ్చే అవకాశమున్నది. ముందుగా తెలిస్తే మందులతో అదుపులో పెట్టవచ్చు.

ఒకరికి లోపము బయటపడితే వారి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బిడ్డలు కూడ పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష ఆసుపత్రి చేస్తుంది. కాని తమ్ముడికి కబురు చెప్పవలసినది అన్నయ్యే. అక్కడే మనము వెనుకబడుతున్నాము. "ఆయన నలభై ఐదేళ్ళకే పోయారు, గుండె ఆగింది" అని మాత్రము చెప్పుకొంటాము. ఎందుకు ఆగిందో అడగము. తెలిసినా, పిల్ల పెళ్ళి చెడుతుందేమోనని దాస్తాము. దాచినందువల్ల జన్యువు ఊరుకోదు. మరొక తరమునకు పోతుంది. మేనరికము చేసుకొన్న ఇళ్ళలోనైతే ఒకే లోపము ఇరువైపులనుండీ బిడ్డకు చేరవచ్చు. అప్పుడు జబ్బు మరింత తీవ్రము.

భయాలు లేవని మేము అనము. భీమా సంగతి చూడండి. 2021 అక్టోబరులో ప్రభుత్వానికి, భీమా సంస్థలకు మధ్య ఒక ఒడంబడిక అమలులోకి వచ్చింది. దాని ప్రకారము పాలసీ ఇవ్వటానికి జన్యు పరీక్ష చేయించుకొమ్మని ఒత్తిడి చేయరాదు. ఐతే పెద్ద మొత్తాల పాలసీలకు కొన్ని మినహాయింపులున్నవి. కనుక అడిగి తెలుసుకొని, చదివి, పిమ్మట సంతకము చేయండి. పరీక్ష వద్దనే హక్కు కూడ మీదే.

పెళ్ళి భయానికి మాత్రము ఒడంబడిక లేదు. అది మన చేతిలో ఉన్నది. లోపము మగపిల్లవానికీ వస్తుంది, ఆడపిల్లకూ వస్తుంది. ఆడపిల్లనే వేలెత్తి చూపటం అన్యాయము. కళ్ళజోడు పెట్టుకొన్న పిల్లను కాదనని మనము, రోజూ ఒక మాత్ర వేసుకొనే పిల్లను ఎందుకు కాదనాలి?

మా మనవి ఒక్కటే. ఈ పండుగకు బంధువులందరు కలిసినప్పుడు, తాతముత్తాతల ఊరి పేరుతో పాటు, ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో ఒక కాగితము మీద వ్రాసి పిల్లల చేతికివ్వండి. డాక్టరు మొట్టమొదట అడిగేది అదే.