అద్దె అగ్రిమెంటు గడువు తీరకముందే

నరసరావుపేటలోనో మాచర్లలోనో ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది 11 నెలల అగ్రిమెంటు. ఎందుకు 11 నెలలే? ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఆ ఖర్చు లేకుండా చూసుకోవడానికే ఈ లెక్క.

కొందరు 3 ఏళ్ళకో 5 ఏళ్ళకో స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ ముద్ర వేయించి, నిశ్చింతగా ఉంటారు. నోటరీ అంటే రిజిస్ట్రేషన్ కాదండీ. తగాదా వస్తే ఆ గడువు కోర్టులో నిలవడం కష్టం.

గడువు తీరాక కొత్త కాగితం రాసుకోలేదు, మీరు అద్దె ఇస్తున్నారు, యజమాని తీసుకుంటున్నారు. వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇక అది నెలనెలా సాగే అద్దె. 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఖాళీ చేయమనవచ్చు. పిల్లల పరీక్షల వేళ ఆ 15 రోజులు ఏ మూలకు వస్తాయి? నన్ను బాధపెట్టేది ఇదే.

అగ్రిమెంటులో ఉండే ‘ఉభయుల అంగీకారంతో పొడిగించవచ్చు’ అన్న వాక్యాన్ని నమ్ముకోకండి. యజమాని ఒప్పుకోకపోతే దానికి విలువ లేదు. ఎంతకాలం, ఎంత అద్దెకు పొడిగించాలో ముందే స్పష్టంగా రాయించండి. ఆ పొడిగింపును గడువులోపలే ఉత్తరం ద్వారా అడగండి, నకలు దాచుకోండి.

ఈ సాయంత్రమే మీ అగ్రిమెంటు తీసి, గడువు తేదీ ఒక్కసారి చూడండి.