పురుష రసపు కొరత - పరీక్షయు, చికిత్సయు
(మన సంఘపు ఆదివారపు సమావేశమున చదువబడిన ప్రసంగము)



స్త్రీలును విచ్చేసిన సభలో ఈ విషయము నెత్తుట తగునా యని కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నించిరి. తగుననియే మా అభిప్రాయము. ఇంట మగవాడు నీరసించి, విసుగుకొని, ఒక మూల కూర్చున్నచో మొదట గుర్తించునది ఇల్లాలే గదా!

బొమ్మనహళ్ళి చుట్టుపట్ల రాగిచేలు దున్నిన మన పెద్దలకు ఈ శాస్త్రము బొత్తిగా తెలియనిది కాదు. కోడెకు విత్తు కొట్టించినచో అది సాధువైన ఎద్దగునని వారెరుగుదురు. దాని కారణమును 1849లో జర్మనీలోని గొట్టింగెన్ నగరమున బెర్తోల్డ్ పండితుడు కోడిపుంజులపై ప్రయోగించి చూపెను. వృషణములు తీసిన పుంజులకు తురాయి వాడిపోయెను; వృషణమును కడుపులో తిరిగి నాటిన పుంజులకు అది వాడలేదు. నరముల సంబంధము లేకున్నను రక్తము ద్వారా ఏదో రసము పనిచేయుచున్నదని తేలెను. ఆ రసమే టెస్టోస్టిరోన్. 1935లో దానిని ఆంబోతుల వృషణములనుండి వేరుచేసిరి. ఆ యేడే బుటెనాంట్, రుజిచ్కా అను రసాయన శాస్త్రజ్ఞులు కృత్రిమముగా తయారుచేసిరి.

అంతకు పూర్వమే, 1889లో, బ్రౌన్ సెకార్డ్ అను 72 ఏండ్ల ఫ్రెంచి వైద్యపండితుడు కుక్కల, గినీపందుల వృషణసారమును సూదితో తనకే ఎక్కించుకొని యౌవనము తిరిగివచ్చెనని చాటెను. అట్టి నీటిసారమున ఈ రసము లెక్కకు రానంత స్వల్పమని పిమ్మట తేలినది. వచ్చినది నమ్మకపు బలమే! మగతనము నమ్మజూపు ప్రకటనలు కంటబడినపుడెల్ల మాకాయన జ్ఞప్తికి వచ్చును.

కోరిక తగ్గుట, అలసట, కండ సన్నగిల్లుట - ఇవి నిద్రలేమివలనను, దిగులువలనను కూడ కలుగును. కావున లక్షణములతోబాటు, రెండు వేర్వేరు దినములలో ఉదయము పరగడుపున తీసిన రక్తమునందును రసము తక్కువగ నున్ననే కొరతయని వైద్యులు నిర్ణయింతురు. డెసిలీటరునకు 300 నానోగ్రాములకు లోబడినచో అనుమానింతురు. సాయంకాలము తీసిన ఒక్క పరీక్షకాగితము చాలదు. పిదప కారణమును వెదకవలెను: యౌవనమున వచ్చిన గవదబిళ్ళలు, మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథిలో గడ్డ, స్థూలకాయము, మధుమేహము. బరువు తగ్గించుకొన్నంతనే రసము కొంత పెరుగువారును కలరు.

నిజమైన కొరతకు సూదిమందు, చర్మమునకు పూయు లేపనము కలవు. లేపనము పూసిన చోటు పిల్లలకు తగులరాదు. గుండెజబ్బు గలవారిని, రాదగినవారిని, 5,000 మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. గుండెపోట్లు హెచ్చలేదు, కాని గుండె లయ తప్పుట, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు కొంత హెచ్చెను. మందు వాడుచున్నంతకాలము రక్తము చిక్కబడుచున్నదేమో, ప్రోస్టేటు గ్రంథి యెట్లున్నదో చూపించుకొనవలయును.

మమ్ము మిక్కిలి కలతపెట్టునది వేరొకటి. రసము బయటినుండి వచ్చినచో పిట్యూటరీ తన ఆజ్ఞలను నిలిపివేయును. వృషణములు వీర్యకణముల నుత్పత్తి చేయుట మానును. సూదులు మానిన పిమ్మట అవి తిరిగివచ్చుటకు నెలలు, ఒక్కొక్కరికి ఏండ్లు పట్టును. కండలకై వ్యాయామశాలలలో ఈ సూదులు వేసికొను కుర్రవారికి ఇది చెప్పువారేరీ? సంతానము లేదని కోడలిని నిందించి గుళ్ళచుట్టు త్రిప్పుటకు ముందు, కొడుకును సూదుల మాట అడుగుడు. వీర్యపరీక్ష చేయించుడు. బిడ్డలు కావలసిన వారికి కొరత యున్నను, వృషణములనే మేల్కొల్పు వేరు మందులు కలవు. అందేది తగునో గ్రంథివైద్య నిపుణుడే చెప్పవలెను.