యంత్రమునకు మన మాట వచ్చునా?

కత్తిపీటయైనను, తిరుగలియైనను, చేతికి ఒదిగినప్పుడే ఇంటివారికి ప్రీతిపాత్రమగును. సెల్‌ఫోనులోని యాప్‌లకు కూడ ఇదియే కొలత యని మా తలంపు. ఇంటిలోని పెద్దలు ఒకరి నడుగకుండ వాడుకొనగలిగినది మంచి యాప్. పిల్లలు బడినుండి వచ్చువరకు వేచియుండజేయునది ఎంత అందముగా నున్నను కొరగానిదే.

చార్మినారునకు దక్షిణమున, లాల్ దర్వాజా చెంతనున్న మా ఛత్రినాకలో దుకాణదారులకు మిక్కిలి ఇష్టమైనది ఒక మాటలాడు పెట్టె. యూపీఐ చెల్లింపులు మన దేశమున 2016లో ఆరంభమైనవి. తొలుత సొమ్ము చేరినదో లేదో తెలియుటకు వ్యాపారి తన ఫోను తీసి చూచుకొనవలసి యుండెను. కొనువాడు చూపిన తెరను నమ్మి మోసపోవుటయు కలదు. ఇప్పుడీ పెట్టెలో ఒక సిమ్ కార్డు ఉండును. చెల్లింపు పూర్తియైన పిదప ఆ వార్త నెట్‌వర్కు ద్వారా పెట్టెకు చేరును; పెట్టె ఆ మొత్తమును వ్యాపారి కోరిన భాషలో చదివి వినిపించును. ఆషాఢ బోనాల సందడిలో, రెండు చేతులును పనిలో నుండగా, అక్షరములు రాని పూలమ్మునామె కూడ ఆ మాట విని నిశ్చింతగా మాల నందించును.

ఆటలలో లూడోకు లభించిన ఆదరమునకును ఇట్టి కారణమే కలదు. ఇంగ్లండున 1896లో పేటెంటు పొందిన ఆ ఆట మన పచ్చీసు నుండి పుట్టినదే. 2020 నాటి లాక్‌డౌను దినములలో అది ఫోనుల మీద ఇంటింట వ్యాపించినది. నియమములు చదువనక్కర లేకపోవుటచే అవ్వలును మనుమలును సమానముగా ఆడిరి. నడుమ నడుమ వచ్చు ప్రకటనలే విసుగు పుట్టించినవి.

అంతకు మించిన విసుగులు వేరే కలవు. అలవాటైన బొత్తాము అప్‌డేటు పేరిట ఒకనాడు వేరొక మూలకు పోవును. భాషల పట్టికలో తెలుగు కనబడినను, లోపలికి పోయినకొలది మరల ఇంగ్లీషే ఎదురగును. ముఖ్యమైన హెచ్చరికలు తరచు అందులోనే యుండును. ఇది విసుగుతో పోవునది కాదు. చదువలేనివారు ఫోనును పరుల చేతిలో పెట్టి, రహస్యముగా నుంచవలసిన పిన్ నంబరును కూడ చెప్పివేయుచున్నారు. సొమ్ము పంపుటకే పిన్ కావలెను. పుచ్చుకొనుటకు ఎన్నడును అక్కరలేదు. ఈ ఒక్క మాట ఇంటింట తెలిసినచో అనేక మోసములు తప్పును. మోసము జరిగినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

మన లిపి యంత్రములకు క్రొత్త యనుటకు వీలులేదు. యూనికోడ్ పట్టికలో తెలుగు 1991 నుండియే ఉన్నది. అయినను 2018 ఫిబ్రవరిలో, 'జ్ఞా' అను అక్షరమును ఒక విధముగ కూర్చి పంపినచో ఐఫోనులలో సందేశముల యాప్‌లు పనిచేయక మూతపడినవి. యాపిల్ సంస్థ ఆ నెలలోనే లోపమును సవరించినది. కోట్లమంది వ్రాయు లిపిని విడుదలకు ముందే తగినంత పరీక్షించుట న్యాయము కదా!

కావున యాప్‌లు తయారుచేయు యువకులకు మా విన్నపము ఒక్కటి. మీ పని ముగిసిన పిదప దానిని ఒక అవ్వ చేతికిచ్చి, ప్రక్కన మౌనముగా కూర్చుండుడు. ఆమె మిమ్ము ఏమియు అడుగకుండ తన పని చేసికొనినచో, దానిని లోకమునకు విడుదల చేయవచ్చును.