కప్పకముందే కొలవాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదని తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. అయితే ఆ సొమ్ము ఎవరికి, ఏ పనికి, ఏ షరతు మీద ఇవ్వాలో ఏ కోర్టూ చెప్పదు. అది ఇంట్లో మనమే తేల్చుకోవాలి. ఈ ఏడాది మా ఇంట్లో వచ్చిన అటువంటి వ్యవహారం ఒకటి మనవి చేస్తాను.

మా మేనల్లుడిది తివాచీలు, సోఫాలు శుభ్రం చేసే వ్యాపారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు కిటికీ అద్దాలు పగిలి వాన ఇళ్లలోకి కొట్టింది గదా! తడిసిన తివాచీలు జనం పిట్టగోడల మీద ఆరేసుకున్నారు. అప్పుడు ఒక మిషను, ఒక ఆటో పెట్టుకుని మొదలెట్టాడు. మన విశాఖలో ఆ పనికి కరువు లేదు. వన్‌టౌన్‌లో కాపురమున్న రోజుల్లో పొద్దున్న తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి అడుగులు పడేవి. పోర్టు బొగ్గు పొడి అటువంటిది. దానికి తోడు సముద్రపు తేమ. తివాచీని వేడినీళ్లతో కడిగి, ఆ నీళ్లు వెంటనే లాగేసి, ఒక రోజులోగా ఆరబెట్టకపోతే ముక్కవాసన వస్తుంది.

మొన్న వేసవిలో వచ్చి, "మావయ్యా, ఇకనుంచి ఏసీ డక్టులు కూడా శుభ్రం చేద్దామనుకుంటున్నాను. మిషనుకు మూడు లక్షలు తక్కువైంది" అన్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ మూడు లక్షలూ మా ఇద్దరి ఆస్పత్రి ఖర్చులకని బ్యాంకులో దాచినవి.

డక్టులంటే తెలియనివారికి చెబుతాను. పెద్ద ఆఫీసులు, హోటళ్లు, ఆస్పత్రులలో గాలిని ఒకచోట చల్లబరచి, పైకప్పు కింద దాగివుండే రేకు గొట్టాల గుండా గదిగదికీ పంపుతారు. ఆ గొట్టాలే డక్టులు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఎలుక ఒకటి అందులో చచ్చి, వారం రోజులు ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఫైళ్లు చూశాం. తరువాత డక్టులన్నీ శుభ్రం చేసినట్టు బిల్లు వచ్చింది. పైకి కనిపించే జాలీలు తళతళలాడుతున్నాయి. లోపల ఊడ్చారో లేదో చూసినవాడు లేడు. బిల్లు పాసయింది. దాని మీద నా పొట్టి సంతకం కూడా ఉంది. ఆ సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

అందుకే మావాణ్ణి అడిగాను: "ఒరే, తివాచీ కడిగితే ఇంటావిడ కళ్లారా చూస్తుంది. డక్టు ఊడ్చావో లేదో ఎవరు చూస్తారు?" వాడు బదులుగా ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. డక్టులు శుభ్రం చేయిస్తే ఉబ్బసం, ఎలర్జీ మాయమట!

ఆ మాట నిజమా అని మా మనవరాలి చేత వెతికించాను. అమెరికాలో ఇళ్లకు కూడా డక్టులుంటాయి. ఈ పనిచేసేవారి సంఘం అక్కడ 1989లోనే ఏర్పడింది. అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ 1997లో ప్రజలకోసం ఒక చిన్న పుస్తకం వేసింది. డక్టులు శుభ్రం చేస్తే జబ్బులు రాకుండా ఉంటాయని రుజువు కాలేదని అందులో ఉంది. లోపల బూజు కంటికి కనబడితే, ఎలుకలో పురుగులో చేరితే, దుమ్ము పేరుకుపోయి గదుల్లోకి రాలుతుంటే అప్పుడు చేయించమన్నారు. పని చేతకాకపోతే లోపలి దుమ్మంతా గదుల్లోకి వస్తుందని కూడా హెచ్చరించారు.

ఇక్కడ మీరొకటి గుర్తుంచుకోవాలి. మన ఇళ్లలో గోడకు బిగించే స్ప్లిట్ ఏసీకి అసలు డక్టే ఉండదు. డక్టు శుభ్రం చేస్తామని ఎవరైనా తలుపు తడితే ఆ ఏసీ చూపించి, "డక్టు ఎక్కడుంది నాయనా?" అని అడగండి. వాడకం ఎక్కువగా ఉన్న నెలల్లో పదిహేను రోజులకోసారి జల్లెడలాంటి ఫిల్టరు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి పెడితే చాలావరకు సరిపోతుంది. మీరు మాత్రం స్టూలు ఎక్కకండి. మనవళ్లకు చెప్పండి.

మళ్లీ మావాడి సంగతికి వస్తాను. ఇంజనీరింగు శాఖల్లో పనిచేసినవారికి ఎం.బుక్ తెలుసు. పునాదిని మట్టి కప్పకముందే కొలిచి అందులో రాయాలి. కప్పేశాక కొలిచానంటే చెల్లదు. మావాడికి ఆ సూత్రమే చెప్పి మూడు షరతులు పెట్టాను. మొదటిది, డక్టు తెరిచిన చోట పనికి ముందు ఒక ఫొటో, తరువాత ఒక ఫొటో తీసి, మూతవేయకముందే యజమానికి చూపించి పుస్తకంలో సంతకం తీసుకోవాలి. రెండవది, కరపత్రంలో జబ్బుల మాట ఉండకూడదు. మూడవది, అక్కరలేని చోట అక్కరలేదని చెప్పి రావాలి.

"అలాగైతే నాకు పనెవరిస్తారు మావయ్యా?" అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. పది రోజులకు కొత్త కరపత్రంతో వచ్చాడు. అందులో జబ్బులు లేవు. చేసే పని ఉంది: ఒక చివర ఫిల్టరున్న పెద్ద వాక్యూమ్ పెట్టి గాలి లాగుతూ, రెండో వైపునుంచి తిరిగే బ్రష్షుతో దుమ్ము రాలుస్తారని రాశాడు. మా ఆవిడ రెండుసార్లు చదివి, "రెండు లక్షలు ఇవ్వండి. ఒక లక్ష మన జబ్బులకు ఉండనివ్వండి" అంది. అలాగే ఇచ్చాం, ప్రామిసరీ నోటు రాయించుకునే.

లాభాలు వచ్చిపడుతున్నాయని చెప్పను. మొదట పిలిచిన హోటల్లో చూసివచ్చి, డక్టులు బాగానే ఉన్నాయి, నీరు నిలిచే ట్రే మాత్రం కడిగితే చాలన్నాడట. చిన్న బిల్లే వచ్చింది. ఆ నెల మాకు కట్టవలసిన వాయిదా తప్పింది. మరుసటి నెలలో రెండూ కలిపి కట్టాడు. ఆ రోజు తన పుస్తకం తెచ్చి చూపించాడు. ప్రతి పేజీలో తేదీ, చోటు, ఎదుటివారి సంతకం ఉన్నాయి. అలవాటుకొద్దీ ఎర్రసిరా పెన్నుతో టిక్కులు పెడుతూ కూర్చున్నాను. ఆనాడు ఆఫీసులో నేను అడగవలసిన పుస్తకం ఇదే.

పిల్లలు డబ్బు అడిగితే కాదనకండి, కళ్లు మూసుకుని ఇవ్వకండి. కనిపించని పనికి లెక్క ఎలా చూపిస్తావని అడగండి. ఆ ప్రశ్న అడగడం మనకు సర్వీసు నేర్పిన విద్య.