చెప్పని మాటే అమలవుతుంది

స్నాతకోత్సవ వేదిక ఎక్కినవాళ్లు తమ వృత్తిలో ఎక్కిన మెట్లన్నీ లెక్కపెట్టి వినిపించడం ఆనవాయితీ. ఈ పూటకి ఆ శిక్ష మీకు తప్పింది. దాని బదులు, ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే మీలో చాలామంది చేతికి రాబోయే ఒక పని గురించి మాట్లాడతాను. అప్లికేషన్‌ను క్లౌడ్ మీదకు చేర్చి నడిపించే పని, మీరు డిప్లాయ్‌మెంట్ అనేది. ఇప్పుడు అది పైథాన్‌లోనో టైప్‌స్క్రిప్ట్‌లోనో రాసే మరో ప్రోగ్రామ్ అయిపోయింది. ఆ ప్రోగ్రామ్‌లో మీరు ఏం రాస్తారో అన్న బెంగ నాకు పెద్దగా లేదు, దాన్ని నలుగురూ చూస్తారు. రాయకుండా వదిలేసేది ఎవరికీ కనపడదు. నా బెంగంతా దాని గురించే.

ఒకప్పుడు సర్వర్ కావాలంటే కొటేషన్లు, కొనుగోలు ఆర్డరు, ఏసీ గది, ఆ గది తాళంచెవి దగ్గర పెట్టుకుని తిరిగే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఇంత తతంగం ఉండేది. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3 పేరుతో నిల్వను, ఆగస్టులో ఈసీ2 పేరుతో సర్వర్లను అద్దెకు పెట్టాక ఆ తతంగమంతా ఒక ఏపీఐ కాల్‌కు కుదించుకుపోయింది. పైథాన్ రాసేవాళ్ల కోసం బోటో అనే లైబ్రరీ వచ్చింది, అమెజాన్ నదిలో ఈదే డాల్ఫిన్ పేరు అది. 2011లో క్లౌడ్‌ఫార్మేషన్, 2014లో టెర్రాఫామ్ వచ్చి, ఒక్కో అడుగూ చెప్పనక్కర్లేదు, చివరికి ఏమేం ఉండాలో రాసిస్తే చాలన్నాయి. ఆ తర్వాత పులుమి, 2019లో అమెజాన్ సీడీకే, ఆ రాతను మీకు తెలిసిన భాషల్లోకే తెచ్చాయి. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. డిప్లాయ్‌మెంట్ ప్రోగ్రామ్ అయ్యాకే దాన్ని గిట్‌లో దాచుకోవడం, తోటివాళ్లు చదివి తప్పులు పట్టడం, టెస్టులు రాయడం సాధ్యమయ్యాయి. అయితే తాళంచెవి దగ్గరున్న ఆ మనిషి విసుక్కుంటూనే అయినా కొన్ని ప్రశ్నలు వేసేవాడు. ఎన్నాళ్లకు కావాలి? ఎవరికి? పాతది తీసెయ్యమంటారా, ఉంచమంటారా? ఏపీఐ చాలాసార్లు అడగదు. మీరు చెప్పని చోట తానే ఒక జవాబు పెట్టుకుని పని కానిచ్చేస్తుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. క్లౌడ్‌లో అది పూర్ణాంగీకారం.

దీనికి ఖరీదైన సాక్ష్యం ఆస్ట్రేలియాలో ఉంది. యూనిసూపర్ అక్కడి పెద్ద పింఛను నిధుల్లో ఒకటి, 6 లక్షలకు పైగా సభ్యులున్న సంస్థ. 2024 మే మొదట్లో గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ ఉన్నట్టుండి తొలగిపోయింది. దాదాపు వారం పాటు సభ్యులు తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. హ్యాకర్లు చేసిన పని కాదు, డిస్కులు పాడవలేదు. గూగుల్ తర్వాత బయటపెట్టిన కారణం ఇది: అంతకు ఏడాది ముందు ఆ ప్రైవేట్ క్లౌడ్‌ను ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ సిబ్బంది ఒక అంతర్గత సాధనం వాడారు, అందులో ఒక పారామీటర్‌ను ఖాళీగా వదిలేశారు. ఖాళీ అంటే గడువు లేదని మనిషి అనుకుంటాడు. ఆ సాధనం దాన్ని ఏడాది గడువుగా తీసుకుంది. ఏడాది నిండింది, తొలగించింది. తొలగించమని ఖాతాదారు అడగలేదు కాబట్టి ఖాతాదారుకు ముందస్తు హెచ్చరిక కూడా వెళ్లలేదు. విడిగా దాచిన బ్యాకప్‌లు ఉండబట్టి యూనిసూపర్ తేరుకుంది. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుందో మీ తాతలను అడగండి, చెబుతారు. ఇక్కడ అంకె రాసుకున్నది వడ్డీ వ్యాపారి కాదు, ఒక ఫంక్షన్. దానికి దురాశ లేదు, దురుద్దేశమూ లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఖాళీ పారామీటర్ కనీసం ఒక చోట కనపడుతుంది, వెతికితే దొరుకుతుంది. చివరికి ఏం ఉండాలో రాసే పద్ధతిలో ఇంతకన్నా లోతైన గుంట ఉంది. మామూలు ప్రోగ్రామ్‌లో ఒక లైను చెరిపేస్తే ఆ పని జరగదు, అంతే. టెర్రాఫామ్‌లోనో పులుమిలోనో ఒక డేటాబేస్‌ను వర్ణించే లైన్లు చెరిపేస్తే, ఆ డేటాబేస్ ఇక ఉండకూడదని చెప్పినట్టు. మళ్లీ నడిపినప్పుడు దాన్ని తీసెయ్యడం ఆ సాధనం విధి. పేర్లు మార్చడం ఇంకా ప్రమాదం. చక్కటి పేర్లు పెట్టండి, కోడ్ శుభ్రం చేస్తూ ఉండండి అని మీ ఆచార్యులు నాలుగేళ్లు నేర్పారు, బాగానే నేర్పారు. పులుమిలో ఒక వనరుకు ఇచ్చిన పేరును అలా శుభ్రం చేశారనుకోండి, ఇది పాతదే, పేరే మారిందని అలియాస్‌తో చెప్పకపోతే, పాతదాన్ని తొలగించి కొత్తది కట్టమనే దాని అర్థం. టెర్రాఫామ్‌లో ఒక జాబితాను వరస నంబర్లతో తిప్పుతూ సర్వర్లు సృష్టించి, తర్వాత జాబితా మధ్యలోంచి ఒకటి తీసేస్తే, వెనకున్నవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. మీరు ఒక్కదాని జోలికే వెళ్లాననుకుంటారు. అది వెనకున్న వాటన్నిటినీ మార్చడానికో కూల్చి కట్టడానికో సిద్ధమవుతుంది. ఇక ఒకే కంపెనీ ఇచ్చిన రెండు సాధనాలు మౌనానికి రెండు అర్థాలు చెప్పడం చూడండి: అమెజాన్ డేటాబేస్ డైనమోడీబీలో టేబుల్‌ను తీసేసేటప్పుడు దాన్ని ఏం చేయాలో మీరు రాయకపోతే, క్లౌడ్‌ఫార్మేషన్ డేటాతో సహా తొలగిస్తుంది, సీడీకే మాత్రం ఉంచేస్తుంది. ఒకదానికి అలవాటు పడ్డ చెయ్యి రెండోదానిలో ధీమాగా ఖాళీ వదులుతుంది.

ఇవన్నీ ముందే చూపించే ఆదేశాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. టెర్రాఫామ్‌కు ప్లాన్, పులుమికి ప్రివ్యూ, సీడీకేకు డిఫ్. ఏం కడుతుందో, ఏం కూలుస్తుందో వరసగా చూపిస్తాయి, అమలుకు దిగేటప్పుడు టెర్రాఫామ్, పులుమి అవునా కాదా అని అడుగుతాయి. అడిగిన ఆ ఒక్క ప్రశ్ననూ మీరేం చేస్తారో నాకు తెలుసు. షరతులు చదవకుండా ఐ అగ్రీ నొక్కీ నొక్కీ అరిగిపోయిన వేళ్లు మీవి. రెండో వారానికి అది విసుగు, మూడో వారానికి స్క్రిప్ట్‌లో ఆటో అప్రూవ్ అని చేర్చేస్తారు. ఆ తర్వాత కూల్చివేతల జాబితా ఎవరూ తెరవని లాగ్‌లోకి పోతుంది. నవ్వుతున్నారు, అంటే ఇప్పటికే చేర్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారన్నమాట. టెస్టింగ్ ఖాతాలో చేర్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. ప్రొడక్షన్‌లో ఒక్క నియమం పెట్టుకోండి: జాబితాలో తొలగింపు ఒక్కటున్నా ప్రోగ్రామ్ ఆగాలి, ఒక మనిషి పేరు అడగాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ప్రమాదమంతా మనిషి చేతిలోనే ఉంది, ప్రోగ్రామ్ ఎంత మౌనంగా ఉన్నా చేత్తో చేసేదానికన్నా నయమే అని. నైట్ క్యాపిటల్ కథ ఈ వాదనకు ఊతం. 2012 ఆగస్టు 1న ఆ అమెరికన్ షేర్ల సంస్థ 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలోకి ఎక్కించాలి, ఒక సాంకేతిక ఉద్యోగి ఒకదాన్ని వదిలేశాడు. ఇంకొకరు సరిచూడాలన్న రాతపూర్వక నియమం లేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఉత్తర్వు చెబుతోంది. పది లైన్ల లూప్ ఈ తప్పు చేసేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఎనిమిదో సర్వర్‌లో జరిగిందేమిటో చూడండి. కొత్త కోడ్ లేదు కాబట్టి అది ఖాళీగా కూర్చోలేదు. 2003 నుంచి వాడకుండా మూలన పడి ఉన్న పవర్ పెగ్ అనే పాత కోడ్ అందులో ఉంది. కొత్త కోడ్‌ను మేల్కొలపడానికి వాడిన ఫ్లాగ్ ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేల్కొలిపినదే. ఇక్కడా అదే సూత్రం, కొత్తది చేరని చోట పాతది రాజ్యం చేసింది. ఆటోమేషన్ ఎనిమిదింటికీ చేరవేస్తుందన్న మాట నిజమే, తప్పు ఉంటే దాన్నీ అంతే నిష్ఠగా చేరవేస్తుంది. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక ఫైలు సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. మన విమానాశ్రయాల్లో సైతం బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ప్రోగ్రామ్ ఇరవై ఒక్క విలువలు ఆశించింది, అందింది ఇరవై. చూశారా, అక్కడా రాకుండా పోయింది ఒక్కటే.

మరో అభ్యంతరం మర్యాదైనది: అన్నీ చెప్పాలంటే ఎప్పటికి తెములుతుంది, డిఫాల్ట్ అనేది అనుభవజ్ఞులు మన తరఫున పెట్టిన మంచి జవాబే కదా? చాలావరకు నిజం. 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఎస్3 బకెట్లు అడగకుండానే బయటివారికి మూసి ఉంటున్నాయి, అది ఎందరినో కాపాడిన డిఫాల్ట్. నేనడిగేది అన్నీ రాయమని కాదు. వెనక్కి తీసుకోలేనివి ఏవైనా సరే నోరు తెరిచి చెప్పండి అంటున్నాను: ఎన్నాళ్లు ఉండాలి, ఎన్ని ఉండాలి, తీసేసేటప్పుడు డేటాను ఏం చేయాలి, ఎవరికి కనపడాలి, ఏ ప్రాంతంలో ఉండాలి. చివరిది చిన్న విషయం అనిపిస్తుంది. 2016 నుంచి అమెజాన్ క్లౌడ్ ముంబైలో ఉంది, 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది. ప్రాంతం పేరు రాయకుండా బోటో3తో ప్రోగ్రామ్ రాస్తే, అది మీ ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో వెతుక్కుంటుంది. మీ దగ్గర హైదరాబాద్‌లో కట్టింది, పక్క సీట్లో అమ్మాయి దగ్గర ముంబైలో కడుతుంది, కోడ్‌లో అక్షరం తేడా ఉండదు. బోటో3కి న్యాయం చేయాలంటే ఇదీ చెప్పాలి: ఈసీ2 లాంటి సేవలకు ప్రాంతం ఎక్కడా దొరక్కపోతే అది ఊహించదు, ప్రాంతం చెప్పండి అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ మొండితనమే నాకు కావలసింది.

అలాంటి మొండితనాన్ని కట్టడానికి ప్రోగ్రామింగ్ భాష కన్నా మంచి చోటు లేదు, అందుకే దాన్ని వదిలి సెట్టింగులు రాసే యామల్ ఫైళ్లకు తిరిగి వెళ్లమనే వర్గంతో నేను ఏకీభవించను. భాషకు లూపులు ఉండటమే ముప్పని వాళ్ల వాదన, అందులో కొంత నిజముంది. కానీ యామల్‌లో కోలన్ తర్వాత ఏమీ రాయకపోతే నిశ్శబ్దంగా నల్ అవుతుంది. దాని పాత వెర్షన్‌లో నార్వే దేశపు రెండక్షరాల కోడ్ రాస్తే కాదు అనే అర్థంలో తీసుకుని ఫాల్స్ చేసేది. పైథాన్‌లో మాత్రం మీరు డిఫాల్ట్ ఇవ్వకుండా ఫంక్షన్ రాస్తే, పిలిచినవాడు ఆ విలువ చెప్పేదాకా టైప్ ఎర్రర్‌తో ముందుకు కదలదు. టైప్‌స్క్రిప్ట్ అయితే కంపైల్ దగ్గరే ఆపేస్తుంది. క్లౌడ్ లైబ్రరీ ఇచ్చిన ఉదారమైన ఫంక్షన్ మీద మీ బృందం కోసం ఒక పిసినారి ఫంక్షన్ రాసుకోండి. 2017 ఫిబ్రవరి 28న ఎస్3 బృందంలో ఒకరు కొన్ని సర్వర్లు తీసెయ్యబోయి, ఆదేశంలో ఒక విలువ తప్పు కొట్టడంతో అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ తీసేశారు, ఉత్తర వర్జీనియాలో ఎస్3 గంటల తరబడి ఆగింది. ఆ తర్వాత అమెజాన్ ఏం మార్చింది? ఆ సాధనాన్నే. ఇక నుంచి మెల్లగా తీసేలా, కనీస స్థాయికి దిగువకు వెళ్లే పని అయితే నిరాకరించేలా దిద్దింది. మనుషులకు జాగ్రత్త పాఠాలు చెప్పడం కన్నా ఇది మేలైన దిద్దుబాటు. ఇంకో చిన్న మాట ఇక్కడే: సర్వర్ కావాలని అడిగాక జవాబు రాకపోతే పని జరగలేదని అనుకోకండి, మళ్లీ అడిగితే రెండు రావచ్చు. రెండోసారి అడిగింది మొదటిదేనని గుర్తుపట్టే క్లయింట్ టోకెన్ ఈసీ2లో ఉన్నది అందుకే.

ఇదంతా ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది కదా అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారు. రాస్తుంది, చాలామంది కన్నా చక్కగా రాస్తుంది. మీరు అడిగినది రాస్తుంది, అడగనిది డిఫాల్ట్‌కు వదులుతుంది. ఆ టేబుల్‌లో ఉన్నది నిన్నటి టెస్ట్ డేటానా, ఎవరిదో ఇరవై ఏళ్ల పింఛనా అన్న సంగతి ఆ కోడ్‌లో ఉండదు కాబట్టి దానికి తెలిసే దారి లేదు. మీకు తెలియాలి. కొత్తగా చేరినవాళ్ల మాట ఎవరు వింటారంటారా, కోడ్ రివ్యూలో వ్యాఖ్య రాయడానికి సీనియారిటీ అక్కర్లేదు. ఇది ఖాళీగా వదిలితే ఏమవుతుంది అని ఒక్క లైను రాయండి. జవాబు తెలియని సీనియర్ కాస్త చిరాకు పడతాడు, తర్వాత డాక్యుమెంటేషన్ తెరుస్తాడు. అడగడంతో పాటు వినడం కూడా మీ పనే. నైట్ క్యాపిటల్‌లో ఆ రోజు ఉదయం మార్కెట్ తెరవక ముందే వాళ్ల సిస్టమ్ పవర్ పెగ్ పేరు ఎత్తుతూ సిబ్బందికి 97 ఈమెయిళ్లు పంపింది. అవి హెచ్చరికలుగా రూపొందించినవి కావు, అందుకని వాటి మీద ఎవరూ కదల్లేదు. మీరు చేరబోయే చోట అలాంటి మెయిళ్లు వెళ్లే ఫోల్డర్ ఒకటి కచ్చితంగా ఉంటుంది. అదెక్కడుందో మొదటి వారంలోనే కనుక్కోండి. ఇక మీ పట్టాలు బల్ల మీద ఎదురుచూస్తున్నాయి, రిజిస్ట్రార్ గారు గడియారం రెండుసార్లు చూశారు.