జ్వరం మాత్ర ఒంట్లో ఏమవుతుంది?

మింగిన మందు మింగినట్టే రక్తంలో ఉండిపోదు. కాలేయం దాన్ని నీటిలో కరిగే రూపానికి మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. చాలా మందుల విషయంలో ఈ మార్పు మేలే. కొన్నిటిలో మాత్రం అసలు మందు కన్నా మారగా వచ్చిన పదార్థమే ప్రమాదకరం. ఫార్మసీ విద్యార్థులకు అందుకు బాగా తెలిసిన ఉదాహరణ పారాసెటమాలే.

దీని కథ అసెటనిలైడ్‌తో మొదలైంది. 1886 నుంచి జ్వరానికి వాడిన ఆ మందు వల్ల కొందరు రోగుల పెదవులు, గోళ్లు నీలంగా మారేవి. ఒంట్లో అందులో కొంత అనిలీన్‌గా మారుతుంది. దానివల్ల హీమోగ్లోబిన్, ఆక్సిజన్‌ను మోయలేని మెథెమోగ్లోబిన్ అవుతుంది. ఈ సంగతి 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే పరిశోధకులు తేల్చారు. ఎక్కువ భాగం మరో దారిలో పారాసెటమాల్ అవుతుందని, మందుగా పనిచేసేది అదేనని కూడా వాళ్లే చూపారు. ఒకే మాత్రలోని మందునూ విషాన్నీ ఇంత స్పష్టంగా విడదీసిన పరిశోధనలు అరుదు.

అయితే పారాసెటమాల్‌కూ తన విషం ఉంది. మామూలు మోతాదులో చాలా భాగం గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాల్లో మూత్రంలో పోతుంది. సుమారు 5 నుంచి 10 శాతం సైటోక్రోమ్ ఎంజైముల చేతిలో ఎన్‌ఏపీక్యూఐ అనే పదార్థమవుతుంది. కాలేయంలోని గ్లూటాథయోన్ దాన్ని పుట్టీపుట్టగానే పట్టేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ అడుగంటుతుంది. అప్పుడు మిగిలిన ఎన్‌ఏపీక్యూఐ కాలేయ కణాల ప్రోటీన్లకు అతుక్కుని ఆ కణాలను చంపుతుంది. రోజూ మద్యం తాగేవారికి, సరిగ్గా తినక నీరసించినవారికి ఈ నిల్వ ముందే తక్కువగా ఉంటుంది.

పెద్దవారికి రోజుకు గరిష్ఠంగా 4 గ్రాములు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములవుతుంది. జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉండటం మామూలే. అవీ తోడైతే తెలియకుండానే హద్దు దాటిపోతుంది. మెడికల్ షాపు కౌంటరు దగ్గర "ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారండీ?" అని అడగడం, చీటీ చదవడమంత ముఖ్యం.

మోతాదు మించినా మొదటిరోజు వికారం, వాంతులు తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు, మూడు రోజులకు గానీ బయటపడదు. ఎన్‌ఏపీక్యూఐ నిలకడ లేనిది కాబట్టి, ఆసుపత్రిలో రక్తంలో కొలిచేది పారాసెటమాల్‌నే, అదీ మింగి 4 గంటలు దాటాక. గ్లూటాథయోన్‌ను తిరిగి సమకూర్చే ఎన్-అసిటైల్‌సిస్టైన్ దీనికి విరుగుడు. 8 గంటల లోపు మొదలుపెడితే కాలేయం దాదాపుగా గట్టెక్కుతుంది. ఆ తర్వాత ఇచ్చినా పనికొస్తుంది గానీ, ఆలస్యమైనకొద్దీ గుణం తగ్గుతుంది.